దరఖాస్తులో అమ్మ పేరు

అమ్మకి,
నేను కులాసా. వేళకి తింటున్నాను, దిగులు పెట్టుకోకు.

నేను పనిచేసేది ఊరి విరాళాల నిధిలో అని చెప్పాను కదా. ఎవరైనా డబ్బిస్తే అసలు సొమ్ము ముట్టుకోకుండా, ఏటా వచ్చే వడ్డీని వాళ్ళు కోరిన పనికి ఖర్చుపెడతాం. నిన్న ఒక ముసలి దర్జీ డబ్బివ్వడానికి వచ్చాడు. "మా ఆవిడ చివరి రోజుల్లో సూదిలో దారం ఎక్కించమంటే విసుక్కునేవాణ్ణమ్మా. కుట్టుపని చేసేవాళ్ళకి కళ్ళజోళ్ళు కొనిపెట్టండి" అన్నాడు. దరఖాస్తు కాగితంలో 'మొదట ఎవరికి' అన్నచోట, ఏ లోకంలో ఉన్నానో, నీ పేరు రాసేశాను. మేనేజరుగారు చూసి, "ఉద్యోగుల ఇంట్లోవాళ్ళకి కుదరదమ్మా" అన్నారు. నాలుక కరుచుకున్నాను గానీ, నీ పేరు కొట్టెయ్యడానికి చెయ్యాడలేదు. ఆయనే కొట్టేశారు.

కళ్ళు చూపించుకున్నావా? అబద్ధం చెప్పకు, రోజూ చెల్లిచేత దారం ఎక్కించుకుంటున్నావట, అదే రాసింది. జీతం రాగానే కళ్ళజోడుకి పంపిస్తాను, డబ్బాలో దాచెయ్యకు. నాన్న దగ్గు తగ్గిందా? ఆయనకి నమస్కారాలు, చెల్లికి ముద్దులు.

నా నీలం జాకెట్టు చంక దగ్గర విడిపోయింది. ఇక్కడ సందుకో దర్జీ ఉన్నాడు, అయినా ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. సెలవులకి తెస్తాను, నువ్వే కుట్టాలి. కళ్ళజోడు వచ్చినా సరే, ఆ రోజు దారం మాత్రం నేనే ఎక్కిస్తాను.

నీ పెద్దది