కరెంటు బండిలో లుంగీల మూటలు

చౌడప్పా,

కుండలో రాగి సంగటి ఉండాది, పక్కనే పులుసు ఉండాది. తిని పడుకో. ఈ జ్వరంతో ఎద్దుల కాడికి పోవద్దు, పక్కింటి మునియమ్మ మేత వేస్తుంది.

మదరాసు కంపెనీ ఆయన తెచ్చిన కరెంటు బండిలో మన లుంగీల మూటలు స్టేషనుకు తీసుకొని పోతా ఉండా. పదిగంటల రైలుకు అందించాల. నిన్న పది మూటలతో రెండు తూర్లు పోయి వచ్చినాము. మిట్ట ఎక్కేటప్పుడు మెల్లగా పోయింది గానీ ఆగలేదు. పొగ లేదు, గుడ్డకు నూనె మరక అంటలేదు. ఈ పొద్దు పదహైదు మూటలు వేసి చూస్తాము. బండికి కరెంటు ఎక్కించుకొనేదానికి రైసుమిల్లు ఆయన తన ఇంజనుతో తిరిగే డైనమో ఇస్తానన్నాడు. వేలూరు దాకా పోయి వచ్చేది మాత్రం దీని వల్ల కాదు, కంపెనీ ఆయనే ఒప్పుకున్నాడు. దానికి మన ఎద్దులే కావాల.

"నా పని పోగొట్టే బండిని తెస్తా ఉండావా అక్కా" అని నిన్న అన్నం ముందర నుంచి లేచి పోయినావు. ఆ మాట నాకు గుచ్చుకునింది. వానలో నీ పంచె మూటల మీద కప్పి, నువ్వు తడిసి వచ్చేది నేను చూడలేదనుకున్నావా నాయనా?

పొన్నమ్మక్క

మరిచినా. బండి తోలేదానికి మదరాసు నుంచి మనిషిని పంపిస్తానని కంపెనీ ఆయన అన్నాడు. మా తమ్ముడికి నేర్పిస్తేనే బండి తీసుకుంటామని చెప్పినా. సరే అన్నాడు. సోమవారం పొద్దున నీకు మొదటి పాఠం.