మా ఊరికొచ్చిన నీ క్లాసు

షాహీన్ ఆపా,

నువ్వు కన్నుమూసి ఏడాదైంది. ఇవాళ, ఆదివారం, మా వీపనగండ్లలో ఆడపిల్లలకు కంప్యూటర్ క్లాసు మొదలుపెట్టాను. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానలేదు. సెలవు రోజు మాత్రం ఇక్కడ గడుపుతాను.

వనపర్తిలో నీ దగ్గర కంప్యూటర్ నేర్చుకుంటానంటే నాన్న వద్దన్నప్పుడు, నువ్వే బస్సెక్కి మా ఇంటికి వచ్చావు. "నా బిడ్డ లెక్కనే చూసుకుంట అన్నా. రోజూ సాయంత్రం బస్సు నేనే ఎక్కిస్త," అన్నావు. జ్వరంతో ఉన్న రోజు కూడా బస్టాండుకు వచ్చావు. అక్కను ఉర్దూలో ఆపా అంటారని అక్కడే నాకు నేర్పావు. నాకు ఉద్యోగం వచ్చిందని తెలిసి మీ వీధంతా షీర్‌ఖుర్మా పంచావు.

పొద్దున పక్కింటి లక్ష్మమ్మ తన కూతుర్ని తీసుకొచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "పత్తి ఏరే పిల్లకు గిదేం పనికొస్తది?" అంది.

నేను నోరు తెరిచేలోపే నాన్న లేచాడు. "నేను గూడ గిట్లనే అన్న చెల్లె. షాహీనమ్మ నన్ను ఒప్పిచ్చేదాంక ఇడ్వలే. ఇప్పుడు నా బిడ్డను చూడు."

లక్ష్మమ్మ కూతుర్ని లోపలికి పంపింది. ఆ పిల్ల మౌస్ ముట్టుకోవడానికి భయపడుతుంటే, నువ్వు చేసినట్టే చేయి పట్టుకుని కదిలించాను. కాసేపటికి నన్నేమని పిలవాలని అడిగింది.

"ఆపా అను," అన్నాడు నాన్న.