మౌలాలి గేటు మీద ఆగిన బండి

ఉప్పల్,
ఆగస్టు 1968

చి.ల.సౌ. రత్నకుమారికి జనార్దన్ దీవించి రాసేది. ఇక్కడ అమ్మ, నేను బాగనే ఉన్నం. భువనగిరిల నువ్వు, బిడ్డ, అత్తమ్మ, మామయ్య సల్లగున్నరని తలుస్తున్న.

బిడ్డకు దగ్గు తగ్గిందని రాసినవ్, పాణం నిమ్మళమైంది. పేరు సంగతి అడిగినవ్. ఉమ అని పెడదామంటున్నది అమ్మ. నీకు నచ్చితేనే.

టాక్సీ ఎందుకు తిప్పుతలేవన్నవ్. మన ల్యాండ్‌మాస్టర్ కారు యాక్సిలరేటర్ మీదికెల్లి కాలు తీస్తే సాలు, వణికి ఆగిపోతుండె. కాలు తియ్యకుంట నెట్టుకొచ్చిన. అమ్మను మోకాళ్ల నొప్పులకు దవాఖానాకు తీస్కపోతుంటే, మౌలాలి రైల్వే గేటు మీద ఎడ్లబండి ఎదురొచ్చింది. బ్రేకు తొక్కిన. సరిగ్గ పట్టాల మీద ఇంజన్ ఆగింది. సెల్ఫ్ ఎంత కొట్టినా అందుకోలే.

"గేటెయ్యాలె! బండి తియ్యి!" అని గేటుమన్ అరిసిండు. దూరంగ రైలు కూత. ఆఖరికి గేటుమన్, ఎడ్లబండాయన భుజాలు పెట్టి నూకితే దాటింది.

నాచారంల త్రిమూర్తులు మేస్త్రి షెడ్డుకు తాడు కట్టి గుంజుకపోయినం. ఆయన ఇంజన్ నడిపిచ్చి, కార్బొరేటర్ అడుగున సుట్టూ నూనె సుక్కలు పోసిండు. ఒక్క కాడ నూనె లోపలికి పీల్చుకున్నది, వణికే ఇంజన్ కుదుటపడ్డది.

"ఇదిగోనయ్యా, ఇక్కడ అతుకు మధ్య గాలి దూరకుండా వేసే గాస్కెట్ చీలింది. దొంగగాలి లాక్కుంటోంది. గాలెక్కువై, పెట్రోలు చాలక ఆగిపోతోంది," అన్నడు. కొత్తది ఏసిండు.

బండి బాగై చాన దినాలైంది. నిన్నటిదాక నేనే ఎక్కలే.

రత్నా, ఇది ఎవ్వరికీ సదివి ఇనిపించకు. ఆ కూత ఇనంగనే నేను తలుపు తీసి ఉరికిన. ఎనుక సీట్ల అమ్మ ఉన్నదన్న సోయే లేదు. గేటు దాటినంక యాదికొచ్చి, ఎనుకకు ఉరికొచ్చి వాళ్లతోని కలిసి నూకిన. నువ్వు, బిడ్డ ఉన్నప్పుడు గట్లయితే? మళ్ల ఎనుకకు వస్తనా? రైలు కన్న నా కాళ్లంటేనే భయమైతున్నది.

నిన్న అమ్మ తనే పోయి ముందు సీట్ల కూసున్నది. "దవాఖానాకు పోదాం పా."

"అమ్మా, ఆ రోజు నేను నిన్ను ఇడిసిపెట్టి..."

"సూసిన. మళ్ల రాలేదా? నడుపు."

గేటు కాడ నా చెయ్యి తలుపు మీదికి పోయింది. అమ్మ కొంగుతోని నా మొఖం తుడిసింది. ఇంకో చేత్తోని ఆమె గూడ సీటును గట్టిగ పట్టుకున్నది. ఎట్లనో దాటినం.

నిన్ను, బిడ్డను తోలుకరానీకి బండి తెమ్మంటవా, బస్సుల రమ్మంటవా? ఏదున్నా దాసుకోకుంట రాయి.

ఇట్లు,
నీ భర్త
జనార్దన్