గేటు దాటిన ప్రేమవిందు

బిడ్డా రూతూ,

నువ్వు ప్రభువు దగ్గరికి పోయి నేటికి ఏడాది. ఇయ్యాల నా సంబురం నీకు గాక ఎవలికి చెప్పుదు?

"ఆరాధన అయినంక చర్చిల మనమే తినే ప్రేమవిందు బయటోళ్లకు గూడ పెడుదాం బాపూ" అని నువ్వడిగితే, సంఘపెద్దనై వద్దన్నది నేనే. మొన్న ఆదివారం చర్చిల నిలబడి సాక్ష్యం చెప్పుకుంట ఆ తప్పు అందరి ముందట ఒప్పుకున్న. సంఘమంత కదిలింది బిడ్డా. ఇయ్యాల తెలంగాణ కోసం నెల్లికుదురు రోడ్డు మీద వంటావార్పు పెడితే, మన అన్నం గంజులు చర్చి గేటు దాటి ఆడికే పోయినయి.

పప్పు నేనే వడ్డించిన. చర్చి ఎదురుంగ సైకిల్ దుకాణం నడిపే ఖాసీం విస్తరి జరిపి, "ఇన్నేండ్లు వాసనే చూపిచ్చినవ్ పెద్దాయనా, జర ఎక్కువెయ్యి" అన్నడు. కడుపుబ్బ నవ్వినం.

ఆ సంబురంల ఇంటికొచ్చి, "నువ్వే గెలిచినవ్ బిడ్డా" అని వాకిట్ల నుంచే కేకేసిన. తర్వాత తలుపుకున్న తాళం నేనే తీసుకొని లోపలికి పోయిన.

మీ బాపు