పాలపన్ను వెనకాల

పిన్నీ,

ఇది చదివేటప్పుడు అమ్మ పక్కన ఉంటే మడిచి గిన్నెల వెనకాల పెట్టెయ్. తర్వాత చదువుకో.

పై దవడలో నాకు ఊడని పాలపన్ను ఒకటి ఉందిగా, కాలేజీ చదువు అయిపోయినా పాలపన్ను పోని పిల్లనని నువ్వు అందరి ముందూ వెక్కిరిస్తావు. దాని పైన రేగుపండంత వాపు వచ్చింది. నొప్పి లేదు. రోజంతా ఊళ్ళోవాళ్ళ గడ్డల్ని మైనంలో పోసి, పొరలుగా కోసి, రంగులద్ది గాజుపలకల మీద పెట్టే ఉద్యోగం నాది. నాకొచ్చినదాన్ని నేనే చూసుకుందామనుకున్నాను. పళ్ళ డాక్టరైన స్నేహితురాలి చేత చిన్న ముక్క తీయించుకుని, ఎవరిదో చెప్పకుండా మా ల్యాబ్‌లో పెట్టాను. నన్ను నేనే కోసుకున్నాను పిన్నీ. మిషను పిడి తిప్పుతుంటే పల్చటి రిబ్బన్‌లా వచ్చి గోరువెచ్చని నీళ్ళమీద తేలింది. ఎంత బాగుందో రాస్తే తిడతావు.

మైక్రోస్కోపు కింద పొడుగాటి కణాలు కంచె కట్టినట్టు వరసగా నిలబడ్డాయి. పుస్తకంలో బొమ్మే. అమెలోబ్లాస్టోమా అంటారు. కేన్సర్ కాదు, ప్రాణం తీయదు. కానీ చెదలాగా ఎముకలోకి పాకుతుంది. గడ్డ ఒక్కటీ తీస్తే మళ్ళీ వస్తుందని చుట్టూ ఉన్న దవడ కూడా కోసేస్తారు. మా ల్యాబ్ డాక్టరమ్మ కూడా, ఎవరిదో తెలియకుండానే చూసి, అలాగే ఉందే అంది. ఇంకేదో అనబోయింది కానీ నేను అప్పటికే గడప దాటాను. నా కాలు నిలవదని నీకు తెలుసుగా.

అప్పట్నుంచీ అద్దం ముందు చెంప లోపలికి పీల్చుకుని చూసుకుంటున్నాను, నవ్వితే ఎలా ఉంటానో అని. ధైర్యంగా ఉన్నానని రాద్దామనుకున్నాను. లేను. ఆపరేషన్‌కి నువ్వొక్కదానివే రా. అంతా అయ్యాక అమ్మకి నువ్వే చెప్పు. నీ నోట అయితే మాట కాస్త మెత్తగా ఉంటుంది.

నీ తూనీగ

*

పిన్నీ,

బట్టలు సర్దడం ఆపి ఇది చదువు.

దాచిన పుండు మానదు, ముందు మీ డాక్టరమ్మకి చెప్పి ఏడువు అని రాశావు. చెప్పేలోపు ఆవిడే పిలిచింది. నా స్లైడు చేతిలోనే ఉంది.

"వయసు చెప్పరు, ఏ పన్నో చెప్పరు, ఎక్స్‌రే పంపరు. గాజుముక్క చూసి జాతకం చెప్పాలి కాబోలు. ఎవరమ్మా ఈ మహానుభావుడు?"

నేను పై పెదవి ఎత్తి చూపించాను.

ఆవిడ స్లైడు పక్కన పెట్టింది. చేతికి తొడుగు వేసుకుని పాలపన్నుని వేలితో కదిపి చూసింది. నా స్నేహితురాలి దగ్గర్నుంచి ఎక్స్‌రే తెప్పించింది. రావలసిన కోరపన్ను ఎముకలోనే ఇరుక్కుపోయింది, దాని చుట్టూ గీత గీసినట్టు గుండ్రటి సంచి.

"అంచు ముక్క చూసి దవడంతా రాసిచ్చేశావా తల్లీ," అంది. తర్వాత నెమ్మదిగా, "వెళ్ళి ఇంకాస్త లోపలికి కోయి."

అదే మైనం దిమ్మ, అదే కత్తి. లోపలి పొరల్లో ఆ పొడుగాటి కణాలే గుండ్రంగా కూర్చుని, మధ్యలో ఖాళీ వదిలి, బుల్లి ఉంగరాల్లా కనిపించాయి. దాని పేరు నోరు తిరగదు: అడినోమటాయిడ్ ఒడొంటోజెనిక్ ట్యూమర్. అరుదుగా వస్తుందట. వస్తే ఎక్కువగా నా ఈడు ఆడపిల్లలకే, పై కోరపన్ను దగ్గరే. దళసరి సంచిలో బుద్ధిగా ఉంటుంది, ఎముకలోకి పాకదు. సంచితో సహా తీసేస్తే చాలు. వయసూ పన్నూ చెప్పి ఉంటే మొదటిరోజే లోపలికి కోయించేదాన్నని అంది. నేను నోరు మూసుకున్నందుకు దవడ పోగొట్టుకునేదాన్ని.

నువ్వు రావద్దు. ఆ గిన్నెల వెనకాల ఉత్తరం తీసి అమ్మ చేతిలో పెట్టి, అమ్మని పంపు.

నీ తూనీగ

*

పిన్నీ,

మాగిన పండులోంచి గింజ జారినట్టు వచ్చేసింది. దవడ ఎక్కడిది అక్కడే ఉంది. గడ్డతోపాటు కోరపన్నూ పోయింది, పాలపన్నూ పోయింది.

ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ అమ్మ నన్ను ఒక్కమాట అనలేదు. దానికే భయమేసింది. ఇవాళ ఇంటికొచ్చేటప్పుడు కొంగు ముడి విప్పి, దూదిలో చుట్టిన పాలపన్ను తీసి నా అరచేతిలో పెట్టింది.

"ఊడింది కదా. ఇక మాకు చెప్పి చేసే వయసు వచ్చినట్టేనా?"

కుట్లు లాగాయి పిన్నీ. అయినా మొహం మొత్తంతో నవ్వాను.

నీ తూనీగ