చౌడు మడికి నీళ్లు

గురువారం రాత్రి, షాద్‌నగర్

మా చౌడు మడి మట్టిలోంచి తీసి ల్యాబ్‌లో పెంచిన గులాబీ రంగు సూక్ష్మజీవి కొత్త జాతేనని ఈ ఉదయం తేలింది. రామన్నపేట దగ్గరి మా ఊరి పేరే దానికి పెట్టాలనుకున్నాను. ఆ సంతోషంలో చెయ్యి తొందరపడి, స్లయిడ్ మీద ఉప్పునీటికి బదులు మామూలు నీటి చుక్క వేశాను. ఉప్పులోనే బతికే ప్రాణం కదా! మైక్రోస్కోప్‌లో చూస్తుండగానే ఒక్కోటి ఉబ్బి, పగిలి, కనపడకుండా పోయింది. చివరికి వట్టి నీళ్లే మిగిలాయి.

సాయంత్రం బాపు ఫోన్ చేశాడు. అంత సంబరంగా ఆయన గొంతు విని ఎన్నేళ్లయిందో.

“కాలువ నీళ్లొచ్చినయి బిడ్డా! రేపు పొద్దుగాల మన చౌడు మడికి నిండ పెడ్త. రెండు మూడు సార్లు కడిగితే ఉప్పంత పోతదంట. ఇగ గా జాగల గూడ వరేస్త.”

“మంచిదే బాపు,” అన్నాను.

“గదేంది, గొంతు గట్లున్నది? తిన్నవా?”

తిన్నానని చెప్పాను.

ల్యాబ్‌లో గాజు పళ్లెంలో ఉన్నవి భద్రమే. వాటికి ఊరి పేరుంటుంది, వాటి ఊరైన ఉప్పు మడే ఉండదు. కానీ ఆ మడి కోసం బాపు పడ్డ పాట్లు నేను చూడనివా? ఏమని ఆపను?

ఇందాక దాహమేసి గ్లాసు నిండా నీళ్లు ముంచుకున్నాను. ఇంకా అలాగే నా ముందున్నాయి.