గడువు దాటని చెక్కు

మక్తల్
2023 ఫిబ్రవరి 18

బావా,

అన్నం తిన్నాక కుదురుగా కూర్చొని ఇది చదువు. బియ్యం మూటతో పాటు ఐలేశం మామ చేతికిచ్చి పంపిస్తున్నాను. ఫోనులో చెబితే నువ్వు అరుస్తావు, నేను ఏడుస్తాను, చెప్పాల్సింది అక్కడే ఆగిపోతుంది.

నాకు మోకాళ్ల నొప్పి లేదు. పెళ్లయిన పన్నెండేళ్లలో మొదటిసారి మందతో నదికి రాకుండా ఇంట్లో ఉండిపోవడానికి నీతో ఆడిన అబద్ధమది.

ముప్పై గొర్రెలు అమ్మి విత్తనాల దుకాణం రాంచందర్ సేటుకు రెండు లక్షలు చేబదులు ఇచ్చావు కదా. అతను నా పేరున రాసిచ్చిన చెక్కును పోయినేడు పెట్టెలో పెట్టి, తాళం వేసి, మందతో వెళ్లిపోయాం. బంగారం దాచినట్టు దాచాం. వానలు పడ్డాక ఐదు నెలలకు తిరిగొచ్చి నేను బ్యాంకుకు పోతే, "చెక్కుకు మూడు నెలలే గడువమ్మా, గిది చెల్లదు" అన్నారు. నీకు చెప్పలేకపోయాను. అన్నా అని నువ్వు నోరారా పిలిచే మనిషాయె.

ఒక్కదాన్నే సేటు దగ్గరికి పోయాను. నవ్వాడు! "గింత దానికి ఫికరెందుకు చెల్లె, ఇంకోటి రాసిస్త" అంటూ జనవరి ఐదో తారీఖు వేసి ఇచ్చాడు. మన మంద ఊరు దాటే వారమది. పాత చెక్కు తీసి చూశాను. దాని మీదా అదే వారం తారీఖు! మనం నది ఒడ్డున ఉంటామని, పెట్టెలోనే గడువు తీరిపోతుందని లెక్క వేసుకున్నాడు బావా. ఒళ్లు మండిపోయింది. అందుకే ఈసారి ఇంట్లో ఆగిపోయాను.

ఐదో తారీఖునే బ్యాంకులో వేశాను. ఖాతాలో డబ్బు లేదని చీటీ పెట్టి తిప్పి పంపారు. వకీలు షగుఫ్తా మేడం వెంటనే నోటీసు పంపింది. సేటు దాన్ని తీసుకోనన్నాడట. "తీస్కోకున్నా అందినట్టే లెక్క" అంది మేడం. పదిహేను రోజులు చూసి, నిన్న కోర్టులో కేసు వేశాం.

నన్నెంత తిట్టినా పడతాను. కేసు మాత్రం వెనక్కి తీసుకోమనకు.

నీ ఉమారాణి


మక్తల్
2025 జనవరి 21

బావా! గెలిచాం!

ఆనాడు తిడతావనుకున్నాను. "ఎన్కకు తగ్గకుమను" అని ఐలేశం మామతో కబురు పంపావు చూడు, ఆ ఒక్క మాటతోనే రెండేళ్లు వాయిదాలకు తిరిగాను.

తీర్పుకు వారం ముందు సేటు మనిషి ఇంటికొచ్చాడు. లక్ష తీసుకొని రాజీ పడమన్నాడు. నేను నోరు తెరిచేలోపే మీ అమ్మ లేచింది. "ముప్పై గొర్లు అమ్మి ఇస్తిమి. పదేను గొర్ల పైసలు తీస్కొని ఊకుండాల్నా? లే, బయటికి నడువు!" ఆ మనిషి చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోలేదు. అత్త మీద నాకెంత ప్రేమ పుట్టిందో రాయలేను.

చెక్కు తన దుకాణంలోంచి పోయిందని, మనమే రాసుకున్నామని సేటు కోర్టులో బొంకాడు. సంతకం అతనిదేనని బ్యాంకు వాళ్లొచ్చి చెప్పారు. ఆరు నెలల జైలు, మనకు మూడు లక్షల పరిహారం. అప్పీలుకు గడువిచ్చారు. బయటికి రాగానే సేటు చేతులు జోడించాడు. "మొత్తం కడ్త చెల్లె, రాజీకి ఒప్పుకో, జైలు తప్పుతది" అంటూ జేబులోంచి ఏం తీశాడనుకున్నావు? చెక్కు పుస్తకం! కోర్టు ముందర అందరూ చూస్తుండగా పగలబడి నవ్వాను. "చెక్కొద్దు సేటూ, బ్యాంకుల పైసలు కట్టి రసీదు తే. గప్పుడు సంతకం పెడ్త" అన్నాను. నిన్న మూడు లక్షలూ మన ఖాతాలో పడ్డాయి. ఇక నువ్వు మందల వాళ్ల మధ్య తల దించుకోవాల్సిన పని లేదు.

ఈ వారం నది ఒడ్డుకు నీ దగ్గరికి వస్తానన్నాను కానీ రాలేను. పొద్దున తలుపు తీసేసరికి బిక్షమ్మ, ఇంకో ముగ్గురు ఆడవాళ్లు గడపలో కూర్చొని ఉన్నారు. వాళ్ల మందలు కూడా నదికి కదిలాయి. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో చెక్కు, ఒక్కో సేటుది. నాలుగింటి తారీఖులూ చదివి చెప్పాను. ఒకటి గడువు దాటింది. మూడింటికి ఇంకా ఉంది.

రేపు బ్యాంకు తలుపులు తీసేసరికి ఐదుగురం అక్కడుంటాం.

నీ ఉమారాణి